పెట్టె మీద పేరు, బోర్డు మీద చిప్పు

గేమింగ్ పీసీ కట్టించుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఇంట్లోనే ఖాయం చేసుకుని వస్తారు. మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం మా మొహం చూస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అదే మా సీటీసీలో, రోజూ జరిగే తంతే ఇది. పక్కన నాన్నగారు ఉంటే ప్రశ్న ఇంకా సూటిగా వస్తుంది: "ఈ బోర్డుకీ ఆ బోర్డుకీ అన్ని వేలు తేడా ఎందుకయ్యా? ఎక్కువది వేస్తే ఆట స్పీడుగా ఆడతదా?"

ఆడదు సార్. మా సేల్స్ కుర్రాళ్లకు ఈ జవాబు నచ్చదు గానీ నిజం అదే.

ఒకప్పుడు ఆడేది. ర్యామ్‌తో మాట్లాడే పని అప్పట్లో మదర్‌బోర్డు మీదుండే చిప్‌సెట్‌దే. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ, 2008లో మొదటి కోర్ ఐ7తో ఇంటెల్ ఆ పనిని ప్రాసెసర్‌లోకే తీసుకున్నాయి. తర్వాత గ్రాఫిక్స్ కార్డు స్లాటు కూడా నేరుగా ప్రాసెసర్‌కే కలిసింది. చిప్‌సెట్‌కు మిగిలింది యూఎస్‌బీ పోర్టులు, సాటా, అదనపు ఎస్ఎస్‌డీ స్లాట్లు, నెట్‌వర్కు. వాటితో ఫ్రేములు పెరగవు.

ఏఎండీ ప్రాసెసర్లు వేసే ఏఎం5 బోర్డుల సంగతి చూడండి. బి650లో ఉన్న చిప్పునే రెండు తీసుకుని ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎక్స్670. రెండో చిప్పు మొదటి చిప్పు ద్వారానే ప్రాసెసర్‌ను చేరాలి; ఆ దారిలో ఉన్నవి నాలుగే లేన్లు. బోరు నుంచి వచ్చే పైపు అదే, ఇంట్లో కుళాయిలు మాత్రం రెట్టింపు. 2024లో వచ్చిన ఎక్స్870లో మళ్లీ అదే చిప్పు ఒక్కటే, పక్కన యూఎస్‌బీ4 తప్పనిసరి. ఇరవై పరికరాలు తగిలించేవాడికి, నాలుగైదు ఎస్ఎస్‌డీలు పెట్టే వీడియో ఎడిటర్‌కు ఈ కుళాయిలు కావాలి. వాలరెంట్ ఆడే బీటెక్ అబ్బాయికి ఎందుకు?

అలాగని బోర్డు ఏదైనా ఒకటే అనను. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు చూడటానికి అన్నిటిలాగే పొడుగ్గా ఉంటుంది, వాడుకునేది మాత్రం నాలుగు లేన్లే. పీసీఐఈ 4.0 బోర్డులో ఎలాగో సర్దుకుపోతుంది. పాత బి450లో పెడితే అక్కడున్నది 3.0 కాబట్టి దారి సగానికి సగం సన్నబడుతుంది. కార్డు మీది 4 జీబీ మెమరీ నిండినప్పుడల్లా సరుకంతా ఆ సన్న దారిలోనే రావాలి, ఆట కుదుపులతో నడుస్తుంది. పోనీ బి550 కొంటే? అందులో రైజెన్ 5600జీ వేస్తే మళ్లీ 3.0యే, ఎందుకంటే ఆ ప్రాసెసర్ అంతకు మించి ఇవ్వదు. చవకగా పాత బోర్డు దొరికిందని తెచ్చేవాళ్లను మేము ముందు అడిగేది అందుకే: ఏ కార్డు, ఏ ప్రాసెసర్?

ఇంటెల్ వైపు లెక్క వేరు. 'కె' ఉన్న ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే జెడ్ బోర్డే కావాలి. ఆ ఉద్దేశం లేనివాళ్లకు బి760 చాలు. హెచ్610 ఆఫీసు పనికి బాగానే ఉంటుంది, కానీ అందులో ర్యామ్ స్లాట్లు రెండే, ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ లేదు. 6000 వేగం ర్యామ్ మోజుపడి కొన్నా, పెట్టె మీద రాసిన ఆ వేగం హెచ్610లో రాదు. ఏఎండీలో ఎ620కి ర్యామ్ దగ్గర ఆ ఇబ్బంది లేదు, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ మాత్రం కుదరదు.

నేనైతే పేరు కంటే ముందు సాకెట్ చుట్టూ చూస్తాను. ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి పంపే వీఆర్ఎం అక్కడే ఉంటుంది. ఒకే బి650 పేరుతో రెండు బోర్డులు తీసి బల్ల మీద పెట్టండి. ఒకదానికి ఎడమన, పైన లావుపాటి అల్యూమినియం దిమ్మలు; రెండోదానికి ఒక పక్క నల్లటి చిన్న చిప్పులు ఒట్టిగా కనపడుతుంటాయి. పదహారు కోర్ల ప్రాసెసర్ వేసి గంటల తరబడి పని పెడితే ఆ రెండోది వేడెక్కి వేగం తగ్గించుకోవచ్చు. ఆటల్లో తక్కువ కరెంటుతో నడిచే రైజెన్ 7800ఎక్స్3డీకి మాత్రం మామూలు బి650 హాయిగా సరిపోతుంది. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టమంటాను.

బోర్డు వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో కూడా చూస్తాను. రైజెన్ 9000 ప్రాసెసర్లు వచ్చింది 2024 ఆగస్టులో. అంతకు ముందు తయారై గోడౌన్‌లో పడి ఉన్న బి650 బోర్డు వాటిని గుర్తుపట్టకపోవచ్చు. స్క్రీన్ నల్లగా ఉండిపోతే కొన్నవాళ్లు కంగారు పడతారు. బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పని అవుతుంది: పెన్‌డ్రైవ్‌లో కొత్త బయాస్ ఫైలు వేసి, కంపెనీ చెప్పిన పేరు పెట్టి, గుర్తున్న పోర్టులో గుచ్చి, లైటు మిణుకుమనే దాకా బటన్ నొక్కి పట్టుకోవాలి. లైటు ఆరేదాకా ఏదీ ముట్టుకోకూడదు, మధ్యలో కరెంటు పోకూడదు. మా షాపులో ఆ పని యూపీఎస్ మీదే చేస్తాం.