కొనే గుర్రానికి పళ్ళు ఎంచాలి

దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదని పెద్దల మాట. సొంత డబ్బు పోసి కొనే గుర్రానికి మాత్రం పళ్ళు ఎంచి తీరవలసిందే. ఇక్కడ చెప్పబోయే గుర్రానికి కాళ్ళు లేవు, చక్రాలున్నాయి. దాని పేరు మస్టాంగ్. అమెరికాలో ఫోర్డు సంస్థ 1964 ఏప్రిల్ 17న విడుదల చేసిన కారు అది. ముందు జాలీ మీద పరుగెత్తే గుర్రం బొమ్మ దాని గుర్తు. పొడవాటి ముక్కు, పొట్టి వెనుక భాగం గల ఆ కారు ప్రారంభ ధర 2,368 డాలర్లు. సామాన్య ఉద్యోగికి అందే ధరలో స్పోర్ట్స్ కారు సొగసు లభించడంతో జనం ఎగబడ్డారు. రెండేళ్ళు తిరగకముందే పది లక్షల కార్లు తయారయ్యాయి.

ఆ కారు సుపేలాలోని మా ఇంటికి ఒక రాత్రి టెలిఫోన్‌లో వచ్చింది. మా అబ్బాయి మిషిగాన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. "నాన్నా, 1966 మోడల్ మస్టాంగ్ ఒకటి చూశాను. ఎర్రగా నిగనిగలాడుతోంది. వి-8 ఇంజను. కొందామనుకుంటున్నాను" అన్నాడు. మూడేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము అంతా దానికే పోతుందట. ఆ కారు వెనుక సీటులో కూర్చోబోయేది మా నాలుగేళ్ళ మనవరాలు. వద్దనడానికి నోరు రాలేదు; సరేననడానికి మనసొప్పలేదు. "తొందరపడకు బాబూ. ముందు రేకు చూద్దాం" అన్నాను.

రంగును నమ్మవద్దు

ఈ మాట నాది కాదు. ప్లేట్ల తనిఖీలో నా ఉద్యోగ జీవితం గడిచింది గాని, కారు రేకును ఎలా చూడాలో నాకు నేర్పినవాడు సుపేలాలో గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు ప్రక్కన పనిచేసే ఒక మెకానిక్. ఏనాడో నేనొక పాత అంబాసిడర్ కొనబోయినప్పుడు అతనిని వెంటబెట్టుకొని వెళ్ళాను. అతడు బానెట్ ఎత్తనైనా లేదు. పాడైన రేడియో స్పీకరు నుండి తీసిన అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి, తలుపుల అడుగు అంచుల వెంబడి నడిపించాడు. ఒకచోట అది అతుక్కోకుండా జారిపోయింది. "సాబ్, ఇక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది. రంగును నమ్మకండి, రేకును అడగండి" అన్నాడు. మరుసటి వారం సుపేలా ఆదివారం బజారులో అటువంటి అయస్కాంతమే ఒకటి కొని దాచుకున్నాను.

ఆ విద్యనే అబ్బాయికి ఫోనులో చెప్పాను. మస్టాంగ్ విషయంలో దాని అవసరం మరింత ఎక్కువ. జీపుకు ఉన్నట్లు దానికి విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, ప్రక్క రేకులు, వాటికి అతికిన పెట్టె దూలాలు కలిసి కారు బరువంతా మోస్తాయి. అందుచేత అక్కడి తుప్పు అందానికి పట్టిన మచ్చ కాదు. ఇంటి దూలానికి పట్టిన చెద. పైగా మిషిగాన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తడి ఉప్పు ఉక్కును ఎంత త్వరగా తింటుందో మన కార్మిక సోదరులకు చెప్పనవసరం లేదు.

ఆ కాలపు మస్టాంగ్‌లో తుప్పు దాగే చోటు మరొకటి ఉన్నది. ముందు అద్దం క్రింద, గాలి లోపలికి పోయేందుకు సన్నని చీలికలుంటాయి. వాటి అడుగున రెండు రేకులు కలిపి వెల్డు చేసిన తొట్టి ఉంటుంది. ఆకులు, మట్టి అందులో చేరి నీరు నిలిచి, లోపలినుండి చిల్లులు పడతాయి. పైకి ఏమీ కనబడదు. పరీక్ష సులభం: ఆ చీలికలలో నీళ్ళు పోసి, డాష్‌బోర్డు క్రింద టార్చిలైటు వేసి చూడాలి. చుక్క పడితే లోపల చిల్లు ఉన్నట్లే. దానిని బాగుచేయాలంటే అతుకులు విప్పి ఆ భాగమంతా ఊడదీయవలసిందే.

అంకెలు చెప్పిన సాక్ష్యం

మరునాడు అబ్బాయి కారు దగ్గరకు వెళ్ళి వీడియోలో చూపించాడు. ముందుగా ఇంజను గదిలో ఎడమ ప్రక్క రేకు మీద కొట్టిన నంబరు చదవమన్నాను. ఆ నంబరుకు ఒక భాష ఉన్నది. మొదటి అంకె 6 అంటే 1966 మోడల్. తరువాతి అక్షరం ఏ కర్మాగారమో చెబుతుంది: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటుచెన్. ఆ తరువాతి రెండంకెలు కారు ఆకారానికి గుర్తు. వాటి ప్రక్క అక్షరం ఇంజనును తెలుపుతుంది. అక్కడ సి ఉంటే 289 ఘనపు అంగుళాల వి-8. టి ఉంటే 200 ఘనపు అంగుళాల, అనగా సుమారు 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను.

అబ్బాయి చూసిన కారు కర్మాగారపు అక్షరం ఎఫ్. ఇది విని నాకు కూడా ముచ్చట వేసింది. డియర్‌బోర్న్‌లోని ఫోర్డు రూజ్ ప్రాంగణం ఒకప్పుడు మనవంటిదే. ఒకవైపు ఓడలలో ఇనుప ఖనిజం, బొగ్గు దిగేవి. బ్లాస్ట్ ఫర్నేసులలో ఇనుము, అక్కడే ఉక్కు, అక్కడే రేకు తయారై, మరొకవైపు కార్లు బయటకు వచ్చేవి. మన భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించిన ఐదేళ్ళకు అక్కడ మస్టాంగ్ పుట్టింది. 2004 వరకు అక్కడే తయారయింది.

కాని ఇంజను స్థానంలో అక్షరం టి. ఆరు సిలిండర్ల కారులో వి-8 ఎలా కూర్చుంది? "చక్రానికి నట్లు ఎన్నో లెక్కపెట్టు" అన్నాను. నాలుగు. ఆనాటి వి-8 మస్టాంగ్ చక్రానికి ఐదు నట్లు. ఆరు సిలిండర్ల దానికి నాలుగు. ఎవరో ఇంజను మాత్రం మార్చి, మిగిలినవన్నీ పాతవే ఉంచారు. 120 అశ్వశక్తికి సరిపోయే తొమ్మిది అంగుళాల బ్రేకు డ్రమ్ములతో 200 అశ్వశక్తి ఇంజనును ఆపాలన్నమాట! వెనుక ఇరుసు, ముందు స్ప్రింగులు కూడా బరువైన ఇంజనుకు తగినవి కావు. వెనుక చక్రం పైనున్న రేకు మీద అయస్కాంతం జారిపోయింది. ముందు చీలికలలో నీళ్ళు పోస్తే అబ్బాయి బూటు మీదనే పడ్డాయి. పైన పటారం, లోన లొటారం!

వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వాడికి కోపం నా మీద కాదని, తెగిపోయిన ఆశ మీదనని తెలిసినా, ఆ రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఆగడం, తరువాత పరుగు

నాలుగు నెలల తరువాత అరిజోనా నుండి మరొక మస్టాంగ్ దొరికింది. అది ఎడారి ప్రాంతం. ఎండకు రంగు వెలిసింది, సీట్లు చిట్లాయి. కాని రేకు గట్టిగా ఉన్నది. అక్షరం టి, ఇంజను ఆరు సిలిండర్లే, చక్రానికి నాలుగు నట్లే. తాను ఏమిటో అదేనని చెప్పుకొనే కారు. నంబరు, యాజమాన్య పత్రం సరిపోయాయి. కొన్నాడు.

ఇక మార్పుల జాబితా. వాడు పంపినదానిలో మొదటిది వి-8 ఇంజను, చివరిది బ్రేకులు. నేను దానిని తలక్రిందులు చేసి తిరిగి పంపాను. కారణం చెబుతాను. 1966 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే నూనె దారి. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. 1967 మోడల్ నుండి ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేరువేరు గదులున్న మాస్టర్ సిలిండర్ వచ్చింది. కాబట్టి మొదటి మార్పు అది. దానితోబాటు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలు ముందుగా బిగుసుకోకుండా ఒత్తిడిని తగ్గించే వాల్వు.

రెండవది, వెనుక సీటు. ఆ కారులో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. ట్యాంకుకు, వెనుక కూర్చున్నవారికి మధ్య సీటు, దాని వెనుక అట్ట తప్ప గట్టి అడ్డు లేదు. అక్కడ ఉక్కు రేకుతో తెర వేయించాము. మూడవది, నడుము బెల్టులకు బదులు భుజం మీదుగా వచ్చే బెల్టులు. పలుచని రేకుకు బోల్టు వేస్తే చాలదు. వెనుక మందపాటి పలక అండగా ఉండాలి. నాలుగవది, ఇంజను విప్పినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు. ఆ ఇంజను సీసం కలిపిన పెట్రోలు కాలం నాటిది. మన దేశంలో 2000 సంవత్సరానికి సీసం కలిపిన పెట్రోలు పోయింది. అమెరికా రోడ్ల మీద 1996 నుండి నిషేధం. సీసం లేని పెట్రోలుతో బరువు మీద నడిస్తే పాత వాల్వు సీట్లు అరుగుతాయి.

మన ముంగిట మాట

ఇటువంటి మార్పులు ఇక్కడ చేయవచ్చునా అని మిత్రులు అడుగుతున్నారు. మన దేశపు చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. 2021 నిబంధనల మేరకు, మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కారుకు, స్కూటరుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. నంబరులో 'వి ఎ' అనే అక్షరాలుంటాయి. దానిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. కనుక ఇంట తాతగారి అంబాసిడర్, జీపు ఉన్నవారు రంపం పట్టే ముందు రవాణా కార్యాలయంలో విచారించడం మేలు.

మొన్న పండుగనాడు అబ్బాయి వీడియోలో కారు చూపించాడు. మనవరాలు బెల్టు పెట్టుకొని వెనుక సీటులో కూర్చొని ఉన్నది. దాని చేతిలో చిన్న అయస్కాంతం. కిటికీలోంచి చేయి చాపి తలుపుకు తగిలిస్తూ, అది టప్పున అతుక్కున్నప్పుడల్లా నవ్వుతున్నది.

"వి-8 ఎప్పుడు వేయిస్తావురా?" అని నేనే అడిగాను.

"ముందు ఈ ఏడు వానకు కాళ్ళు తడవకుండా ఉంటాయో లేదో చూడనీ నాన్నా" అన్నాడు.