మీకు తెలుసా? పొత్తిళ్లలో బిడ్డ

పుట్టిన మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది సుమారు ఒక టీస్పూను పాలు. ముర్రుపాలు వచ్చేది కూడా అంతే. "పాలు పడలేదు, డబ్బా పాలు కలపండి" అని ఇంటిల్లిపాదీ కంగారుపడేది సరిగ్గా ఆ రోజే! అప్పుడు బాలింతకు కావలసింది, పక్కన కూర్చుని బిడ్డను రొమ్ముకు పట్టించే ఓపికగల మనిషి. పుట్టిన గంటలోపే పాలు పట్టాలని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోహిణి కార్తె ఎండల్లో కూడా మంచినీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే ఉంటాయి.

తొలి రోజుల్లో బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టినప్పటి తూకంలో 7 నుంచి 10 శాతం దాకా తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ అందుకుంటుంది. పాలు సరిపోతున్నాయో లేదో తడిసిన గుడ్డలే చెబుతాయి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తే బెంగ అక్కర్లేదు.

పుట్టిన కొద్ది రోజులకు బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బి, పాలలాంటి చుక్క రావచ్చు. మగబిడ్డకైనా సరే! కడుపులో ఉండగా తల్లి నుంచి చేరిన హార్మోన్ల ప్రభావం అది. కొన్ని వారాల్లో దానంతటదే అణుగుతుంది. చాలా ఇళ్లలో మాత్రం "పిండకపోతే గడ్డకడుతుంది" అంటూ స్నానం పోసేటప్పుడు ఆ పాలు పిండేస్తారు. గడ్డ వచ్చేది అలా పిండినందువల్లే. లేత చర్మం చిట్లి, సూక్ష్మక్రిములు లోపలికి పోయి చీము పడుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి పురిటింటికీ చేరాలని గట్టిగా కోరుకుంటాను. ఆడపిల్లకు తొలి వారంలో గుడ్డమీద కాస్త నెత్తురు మరక కనిపించవచ్చు. దానికీ కారణం ఆ హార్మోన్లే, మందేమీ అక్కర్లేదు. పసిబిడ్డను పెంచడంలో సగం నేర్పు, దేని జోలికి పోకూడదో తెలుసుకోవడంలో ఉంది.

బొడ్డు కూడా అలాంటిదే. పసుపు, బూడిద, నూనె ఏదీ రాయకుండా పొడిగా వదిలేస్తే సాధారణంగా రెండు వారాల్లోపు ఊడిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము వాసన వచ్చినా డాక్టరుకు చూపించాలి.

ఏడాది నిండేవరకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టిస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు. కంట్లో కాటుకా వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. దిష్టిచుక్క అరికాలికి పెట్టుకోవచ్చు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు ఒక చిక్కులో పడ్డారు. నెలలు నిండని బిడ్డలు ఎక్కువ, ఇంక్యుబేటర్లు తక్కువ. బిడ్డను తల్లి గుండెలమీద చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టి ఉంచే పద్ధతి ఆయన మొదలుపెట్టారు. దాన్నే ఇప్పుడు కంగారూ పద్ధతి అంటున్నారు. ఇలాంటి బిడ్డల్ని పుట్టిన వెంటనే ఇలా ఉంచాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. తల్లికి ఒంట్లో బాగా లేకపోతే నాన్న గుండె, అమ్మమ్మ గుండె ఉన్నాయి. నాన్నలు ఈ పనికి ముందుకు రావాలి, తర్వాత వాళ్లే వదలరు.

తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పెద్ద లెక్కలు రాని మంత్రసానుల కోసం చిన్న పరికరం చేయించారు. ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దాకా వచ్చారంటే న్యుమోనియా అని అనుమానించాలి. తర్వాత ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పి, 39 పల్లెల్లో ఇంటింటికీ పంపారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, జబ్బు గుర్తుపట్టడం, అవసరమైతే సూది వేయడం దాకా వాళ్లే చేశారు. మూడో ఏటికి, ఆ సేవలు లేని పల్లెలతో పోలిస్తే నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఇవాళ ఆశా కార్యకర్త మన గుమ్మం తొక్కడానికి దారి వేసింది ఆ పల్లె ఆడవాళ్లే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికొచ్చి చూడాలి. రాకపోతే కబురు పెట్టండి, అది మీ బిడ్డకు దక్కాల్సిన సేవ.

మంత్రసానుల ఆ ఊపిరి లెక్క మనమూ నేర్చుకోవచ్చు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎగసిపడడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి ఒక తీరున సాగదు, మధ్యలో కొన్ని సెకన్లు ఆగి మళ్లీ వేగం అందుకుంటుంది. అందుకే అర నిమిషం లెక్కను రెట్టింపు చేయకూడదు. రెండు నెలల్లోపు బిడ్డకు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మరోసారి లెక్కపెట్టి, మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి వెళ్లాలి. పాలు తాగడం మానేసినా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.