చిత్రకథ – హక్కు

చిత్రకథను సృష్టించడం ఒక ఎత్తు, దానిపై హక్కును నిలుపుకోవడం మరొక ఎత్తు. అమెరికాలో 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే యువకులు తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ పాత్రపై సర్వహక్కులను 130 డాలర్లకే ప్రచురణకర్తలకు ధారాదత్తం చేశారు. ఆ పాత్ర జగత్ప్రసిద్ధమైన తరువాత న్యాయస్థానాన్ని ఆశ్రయించినా వారికి ఆ హక్కులు తిరిగి దక్కలేదు.

1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే చిత్రకారులు మరొక మార్గాన్ని ఎంచుకొన్నారు. యుద్ధవిద్యలో ఆరితేరిన నాలుగు తాబేళ్ల సాహసగాథను తామే రచించి, చిత్రించి, బంధువు వద్ద అప్పుచేసి సుమారు 3000 ప్రతులు ముద్రింపజేశారు. అదే 'టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్'. 1990లో అది చలనచిత్రంగా రూపొందినప్పుడు, పాత్రలు వారి సొత్తు కనుక నిర్మాతలు వారి అనుమతి పొందవలసివచ్చింది.

కళాకారునికి ప్రతిభ ఎంత అవసరమో, ఒప్పందపత్రాన్ని చదివి సంతకం చేసే వివేకమూ అంతే అవసరం.