పసిపాప రాక - పెంపుడు పిల్లి పోక

కోడలు పుట్టింట ప్రసవించి, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో చంటిబిడ్డతో అత్తవారింటికి వస్తున్నదనగానే ఇంటిలో హడావిడి మొదలవుతుంది. అటకమీది ఉయ్యాల క్రిందికి దిగుతుంది. గదికి సున్నం పడుతుంది. ఇంతకాలము ఆ ఇంట ఎలుకలు పట్టి, పాలు త్రాగి పెరిగిన పిల్లి మాత్రం గోనెసంచిలోకి పోతుంది. ఎవరో ఒకరు దానిని మూటగట్టి ఊరవతల సంతబయలులోనో, చెరువు గట్టునో విడిచి వస్తారు. కొన్ని పిల్లులు నాలుగురోజులకు బక్కచిక్కి మళ్ళీ వంటయింటి గడపలో ప్రత్యక్షమవుతాయి. కొన్ని ఎన్నటికీ తిరిగి రావు.

పసిబిడ్డ ఉన్న ఇంట పిల్లి ఉండరాదనే మాట పెద్దల నోట తరచు వింటాము. ఇందులో నిజమెంత? భయమెంత? బిడ్డ క్షేమము అన్నిటికంటె ముఖ్యము; అందులో సందేహము లేదు. కాని అపాయము ఎటునుండి, ఎప్పుడు వస్తుందో తెలియకుండా జాగ్రత్తపడటం, వీధితలుపు గడియవేసి దొడ్డితలుపు తెరచి ఉంచినట్లే అవుతుంది. కావున ఒక్కొక్క భయాన్ని విడదీసి పరిశీలిద్దాము.

ఊపిరి తీస్తుందా?

పిల్లి పసిబిడ్డ ఊపిరిని పీల్చివేస్తుందనే నమ్మకము ఇంగ్లండు మొదలైన దేశాలలో చాలకాలము ఉండేది. పిల్లి ఊపిరిని పీల్చదు. అయితే ఈ కథ వెనుక చిన్న నిజమొకటి దాగి ఉన్నది. పిల్లి శరీరోష్ణత సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు. అది ఎప్పుడూ వెచ్చని చోటును వెదకుకొంటుంది. చలికాలమున పొయ్యిప్రక్కన ముడుచుకొని పండుకొనేది అందుకే. బొంతలో చుట్టిన బిడ్డ ప్రక్క దానికి మరొక వెచ్చని చోటు. మొదటి నెలల బిడ్డకు మెడ నిలువదు; ముఖముమీద ఏదైనా అడ్డుపడితే తొలగించుకొనే శక్తి లేదు. కావున ఉయ్యాల దరికి పిల్లి చేరకూడదన్న మాట సరియైనదే. దోమతెర ఇందుకు చాలదు. పిల్లి బరువుకు అది క్రుంగి బిడ్డమీద పడవచ్చును. గది తలుపు మూసి ఉంచడమే సరియైన ఉపాయము.

గర్భిణిని వెంటాడే భయము

పిల్లులవల్ల వచ్చే వ్యాధులలో గర్భిణీ స్త్రీలు మిక్కిలిగా వినేది టాక్సోప్లాస్మా వ్యాధి. దీనిని కలిగించే ఏకకణ పరాన్నజీవిని 1908లో ట్యునీసియాలో నికోల్, మాన్సో అనేవారు గుండి అనే ఎలుకజాతి జంతువులో కనుగొన్నారు. ఇది ఎట్లా వ్యాపిస్తుందో అనేది అరవై ఏండ్లు చిక్కుప్రశ్నగానే ఉండినది. 1965లో హచిసన్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లి మలము ద్వారా వ్యాపించగలదని చూపించినాడు. 1970 నాటికి భారతదేశములో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన జె. పి. దూబే, ఇంకను మరికొందరు దీని జీవితచక్రమును పూర్తిగా విప్పిచెప్పినారు. ఈ జీవి తన లైంగిక దశను పిల్లిజాతి జంతువుల ప్రేవులలో మాత్రమే గడుపుతుంది. అక్కడ తయారయిన సూక్ష్మకోశాలు మలముతో వెలుపలికి వస్తాయి.

ఇక్కడ మూడు విషయాలు గమనింపదగినవి. మొదటిది: రోగము సోకిన ఎలుకనో పక్షినో తిన్న పిల్లి సాధారణముగా మొదటిసారి మాత్రమే, అదియును ఒకటి నుండి మూడు వారాలు, ఈ కోశాలను విసర్జిస్తుంది. రెండవది: కోశాలు వెలువడిన వెంటనే రోగము కలిగించలేవు; అవి పక్వమగుటకు ఒకటి నుండి అయిదు రోజులు పట్టుతుంది. ఏ రోజు మలమును ఆ రోజే తీసివేయుమని చెప్పేది ఇందుకే. మూడవది: పక్వమయిన కోశాలు తడినేలలో ఏడాదికి పైగా బ్రతికి ఉండగలవు. కనుక పెరటి మట్టి, ఆ మట్టిలో పెరిగిన ఆకుకూరలు, పిల్లి ఇంటిలో లేకపోయినప్పటికి, రోగమును తేగలవు.

గర్భము ధరించిన తరువాత తల్లికి మొదటిసారిగా ఈ రోగము సోకినచో అది శిశువుకు చేరి కన్నులకు, మెదడుకు హాని చేయవచ్చును. గర్భస్రావమునకును కారణము కావచ్చును. చాలముందే సోకి తగ్గినవారికి సామాన్యముగా రోగనిరోధక శక్తి ఏర్పడి ఉంటుంది. రక్తపరీక్షవల్ల ఇది తెలుస్తుంది. ఐరోపాలోని కొన్ని నగరాల గర్భిణులను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనములో, రోగము సోకుటకు ముఖ్యకారణము సరిగా ఉడకని మాంసమని తేలినది. తరువాతి స్థానము మట్టిది. పిల్లితో మెలగుట మాత్రము కారణాలలో కనబడలేదు. మాంసము లోపలివరకు బాగుగా ఉడికించడం, కూరలను కడగడం, మట్టిపని చేసిన చేతులను సబ్బుతో కడుగుకొనడం, పిల్లి మలమును ఎత్తే పనిని ఇంటిలో మరొకరు చేయడం - ఇవే రక్షణలు.

ఇక్కడ ఒక వింత గమనించండి. ఈ అపాయకాలము గర్భధారణ కాలము. మనము పిల్లిని వెళ్ళగొట్టేది బిడ్డ ఇంటికి వచ్చేటప్పుడు. అప్పటికి ఆ ప్రమాదఘట్టము దాటిపోయినది!

వెంట్రుకలు, ఉబ్బసము

పిల్లి వెంట్రుకవల్ల ఉబ్బసము వస్తుందంటారు. నిజానికి దోషము వెంట్రుకది కాదు. పిల్లి చర్మగ్రంథులలోను, లాలాజలములోను ఫెల్-డి-1 అనే ప్రొటీను ఉన్నది. పిల్లి ఒళ్ళు నాకుకొన్నప్పుడు అది వెంట్రుకలకు అంటుకొని, ఎండి, అతిసూక్ష్మమైన ధూళిగా గాలిలో తేలుతుంది. సరిపడనివారికి తుమ్ములు, కండ్లు దురదలు, ఆయాసము కలుగుతాయి. పిల్లిని పంపివేసినను పరుపులలో, తెరలలో ఈ ధూళి నెలల తరబడి నిలిచి ఉంటుంది. అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతములో 474 మంది పిల్లలను పుట్టుకనుండి ఆరేడేండ్లవరకు పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితాలలో, మొదటి ఏడాది రెండుగాని అంతకు మించిగాని కుక్కలో పిల్లులో ఉన్న ఇండ్లలో పెరిగినవారికి ఇట్టి అసహనము తక్కువగా కనబడినది. అంతమాత్రాన మందుగా భావించి పిల్లులను తెచ్చిపెట్టుకొనరాదు. అన్ని పరిశోధనల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. బిడ్డకు ఆయాసము పిల్లివల్లనే అని వైద్యుడు నిర్ధారించినచో పిల్లిని వేరొక ఇంటికి పంపుటే మంచిది.

అసలైన అపాయము

మన దేశములో అన్నిటికంటె పెద్ద భయము రేబీసు. కుక్కవలెనే పిల్లియును దీనిని మోయగలదు. రోగలక్షణాలు పైకి వచ్చిన తరువాత మనిషి బ్రతుకుట దాదాపు అసంభవము. ముందు జాగ్రత్తపడినచో రోగము దాదాపు తప్పక ఆగుతుంది. పిల్లికి మూడవ నెలలో టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినప్పుడెల్లా తిరిగి వేయించవలెను. కరచినను, గోటితో గీరినను, గాయమును పదిహేను నిమిషాలసేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆనాడే వైద్యుని వద్దకు పోవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు.

ఇప్పుడు ఊరవతల విడిచిన పిల్లి సంగతి మరల తలచుకొనండి. అది నాలుగురోజులు కుక్కల నడుమ తిరిగినది. టీకా లేని ఆ పిల్లి కరవబడి ఇల్లు చేరినదనుకొనండి. అపాయమును వదలించుకొనబోయి, లేని అపాయమును ఇంటికి తెచ్చుకొన్నవారమవుతాము.

పిల్లికి ఇల్లే ప్రపంచము

"పిల్లి పిల్లలను ఏడిండ్లు త్రిప్పినట్లు" అంటాము. తల్లిపిల్లి పిల్లల మెడ కరచుకొని చోటు మార్చడం నిజమే. కాని అది తాను ఎరిగిన ప్రదేశములోనే తిరుగుతుంది. పిల్లి పూర్వీకులు ఒంటరిగా వేటాడిన అడవిపిల్లులు. హద్దు ఏర్పరచుకొని బ్రతికినవి. పిల్లి తన చెంపలను గుమ్మానికి, మన కాళ్ళకు రాచినప్పుడు చెంపల గ్రంథులలోని వాసనను అంటిస్తుంది. ఆ వాసనల పటమే దానికి ఇల్లు. కొత్తచోట అది దిక్కుతెలియనిది. అక్కడి పిల్లులు తరుముతాయి. తిండి దొరకక బాధపడే పరిస్థితులలో జంతువును కారణము లేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

ఏమి చేయవలెను?

బిడ్డ రాకకు ఒకటి రెండు నెలల ముందే పిల్లికి ఆ గది ప్రవేశము మానిపించవలెను. తిండిగిన్నె, పండుకొనే చోటు మరొక వైపు మార్చవలెను. బిడ్డ గుడ్డ ఒకటి ముందుగా తెచ్చి వాసన చూపవచ్చును. ఫోనులో పట్టిన బిడ్డ ఏడుపును మెల్లగా వినిపించి అలవాటు చేయవచ్చును. బిడ్డను, పిల్లిని ఎన్నడును ఒంటరిగా విడువరాదు. బిడ్డ ప్రాకనారంభించిన తరువాత జాగ్రత్త మరింత అవసరము. అప్పుడు తోకపట్టి లాగేది బిడ్డయే. బిడ్డ ఆడే ఇసుకను కప్పి ఉంచవలెను.

ఆయాసము నిర్ధారణ అయినను, పిల్లి పలుమార్లు మీదపడుచున్నను, చూచుకొనే మనిషి లేకపోయినను దానిని పంపక తప్పదు. అయితే పంపుటకును ఒక పద్ధతి ఉన్నది. తెలిసినవారి ఇంటికి, బిడ్డ రాకమునుపే, దాని పాతగుడ్డతో, గిన్నెతో సహా పంపవలెను. వేసిన టీకాల వివరము వారికి చెప్పవలెను. మొదటి కొన్ని దినాలు ఒక గదిలోను, తరువాత రెండు మూడు వారాలు ఇంటిలోను ఉంచినచో క్రొత్త వాసనల పటము దానికి ఏర్పడుతుంది. తరువాతనే బయట విడువవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ఒక పట్టికగా వ్రాయించవచ్చును: అపాయము ఏది, ఏ దారిన వస్తుంది, ఏ కాలమున వస్తుంది, ఎట్లా ఆపవచ్చును? నాలుగు గడులు నింపిన విద్యార్థికి ఒక సంగతి తనంతట తానే తెలుస్తుంది. గోనెసంచి ఆ నాలుగవ గడిలో ఎక్కడను రాదు. సబ్బు, టీకా, మూసిన తలుపు వస్తాయి.