ఉపగ్రహాలతో నేల కుంగుబాటు కొలత

ఉపగ్రహ స్థాన నిర్ధారణ వ్యవస్థల (ఉదా: జి.పి.ఎస్.) సహాయంతో నేల ఎత్తులో కాలక్రమేణా వచ్చే స్వల్ప మార్పులను కనుగొనే పద్ధతిని '''ఉపగ్రహాలతో నేల కుంగుబాటు కొలత''' అంటారు. నేల పైకి లేవడాన్ని కూడా ఈ పద్ధతిలోనే కొలుస్తారు.

== కొలిచే విధానం ==
జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తులో తిరుగుతూ రేడియో సంకేతాలను పంపుతాయి. సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి రిసీవరు దూరాన్ని లెక్కిస్తుంది. సెల్‌ఫోనులో ఈ లెక్క కొన్ని మీటర్ల తేడాతో వస్తుంది. శాస్త్రీయ స్టేషన్లు మాత్రం సుమారు 19 సెం.మీ. పొడవు గల తరంగంలోని దశను కొలుస్తాయి. స్థిరమైన స్తంభంపై ఉంచిన రిసీవరు కొన్ని సంవత్సరాలు ఎడతెగక పనిచేస్తే, ఏటా కొద్ది మిల్లీమీటర్ల మార్పు కూడా తెలుస్తుంది.

== గోదావరి డెల్టాలో ప్రాముఖ్యత ==
పిఠాపురానికి సమీపంలో, డెల్టా ఉత్తరపు అంచున ఉన్న ఉప్పాడ తీరం దశాబ్దాలుగా కోతకు గురవుతోంది. ఇళ్ళు, కాకినాడకు వెళ్ళే తీరపు రోడ్డు పలుమార్లు దెబ్బతిన్నాయి. సముద్రం ముందుకు రావడానికి కారణం నీటిమట్టం పెరగడమా, నేల కుంగడమా, అలలు ఇసుకను తరలించుకుపోవడమా అన్నది కంటికి తెలియదు. రేవులలోని అలల మాపకం నీటిమట్టాన్ని నేలతో పోల్చి మాత్రమే చెబుతుంది; నేల కుంగినా అది నీరు పెరిగినట్లే చూపుతుంది. జి.పి.ఎస్. నేల ఎత్తును భూకేంద్రం నుండి లెక్కిస్తుంది కనుక రెండింటినీ విడదీయవచ్చు.

డెల్టా నేల ఒండ్రుమట్టితో ఏర్పడింది. ఈ మట్టి తన బరువుకు తానే అణగుతూ ఉంటుంది. పూర్వం వరదలు తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడ్చేది. ఆనకట్టల వెనుక మట్టి నిలిచిపోవడంతో ఈ రాక బాగా తగ్గింది. భూగర్భజలాలను, సహజవాయువును అధికంగా తోడినా నేల కుంగవచ్చు.

== అండమాన్ ఉదాహరణ ==
2004 డిసెంబరు 26న సంభవించిన భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ సుమారు ఒక మీటరు కుంగింది. ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం పైకి లేచింది. ఈ భూకంపం వల్ల అండమాన్ దీవులలో కలిగిన స్థానభ్రంశాన్ని జి.పి.ఎస్. కొలతలు స్పష్టంగా చూపాయి.

== పరిమితులు ==
* ఉపగ్రహాలు ఆకాశంలోనే కనబడతాయి, భూమి అడుగున కనబడవు. అందువలన ఎత్తు కొలతలో దోషం అడ్డు కొలతలోకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.
* వర్షాకాలంలో నీటి బరువుకు నేల కొద్దిగా దిగి, వేసవిలో తిరిగి లేస్తుంది. కనుక ఒక్క ఏడాది కొలత చాలదు.
* స్తంభం పునాది లోతుగా ఉంటే, దానికి పైనున్న మెత్తని మట్టి అణగడం లెక్కలోకి రాదు. డెల్టాలలో ఇది ముఖ్యమైన లోపం. స్టేషను కదలలేదన్నంత మాత్రాన పక్కనున్న పొలం కుంగలేదని చెప్పలేము.

== ఇవి కూడా చూడండి ==
* గోదావరి
* ఉప్పాడ
* ధవళేశ్వరం ఆనకట్ట