పెట్టె చిన్నదైంది, వాట్లు పెరిగాయి

1950ల నాటి కర్ర పెట్టె స్పీకర్‌నీ, ఈ మధ్య కొన్న అరచేతి బ్లూటూత్ స్పీకర్‌నీ పక్కపక్కన పెట్టి విప్పితే లోపల కనిపించే యంత్రం ఒక్కటే. వెనక అయస్కాంతం, దాని సందులో తీగ చుట్టిన కాయిల్, కాయిల్‌కి అతికించిన కోను. కాయిల్‌లో కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా కోను ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. పాత సెట్టులో ఏదో మాధుర్యం ఉందని కొందరూ, కొత్తదాని స్పష్టత దానికి రాదని కొందరూ వాదించుకుంటూ ఉంటారు. నాకు మాత్రం అసలు తేడా వేరే చోట కనిపిస్తుంది: గాలిని కదిలించే బరువు ఎవరు మోస్తున్నారు? అప్పట్లో పెట్టె మోసేది. ఇప్పుడు కరెంటూ లెక్కలూ మోస్తున్నాయి.

ఈ కాయిల్ ఊహ చాలా పాతది. జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్ 1874లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ మరో అడుగు వేశాడు. కానీ కాయిల్‌ని ఆడించేంత కరెంటు ఇచ్చే యాంప్లిఫయర్ అప్పటికి లేదు. కథ కదలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1915లో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ కాయిల్‌కి పెద్ద హార్న్ తగిలించి మాగ్నావాక్స్ స్పీకర్ తయారుచేశారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాండియాగోలో వేలమందిని ఉద్దేశించి మాట్లాడింది ఆ యంత్రం సాయంతోనే.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఆ హార్న్‌ని తీసేశారు. చిన్న కాగితపు కోనుకి మెత్తని అంచు పెట్టి, వదులుగా ఊగేలా బిగించారు. అలా చేస్తే కోను సహజంగా ఊగే వేగం చాలా కిందికి, పాటలో వినిపించే స్వరాలకన్నా దిగువకి వెళ్తుంది. ఇక ఆ పైనున్న స్వరాలు ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా కాకుండా సమంగా పలుకుతాయి. ఇంత సరళమైన ఆలోచన వందేళ్లు నిలబడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన ఇళ్లలోని టీవీల్లో, కార్లలో, ఫోన్లలో ఉన్నవన్నీ ఆ కోను సంతానమే.

అయితే ఈ కోనుకి ఒక పెద్ద లోపం ఉంది. గాలి చాలా తేలిక, కోను దానికన్నా బరువు. అందుకే ఇంట్లో వాడే మామూలు స్పీకర్‌కి ఇచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు మాత్రమే, తరచు అంతకన్నా తక్కువే, శబ్దమవుతుంది. మిగిలినదంతా కాయిల్‌ని వేడెక్కిస్తుంది. హార్న్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. సన్నగా మొదలై విప్పారే ఆ గొట్టం కదలికని గాలికి మెల్లగా అప్పగిస్తుంది, నష్టం తగ్గుతుంది. గుడి మీద మైకుసెట్టు కొద్ది వాట్లతోనే పక్క ఊరికి వినిపించేది అందుకే. కాకపోతే అంత పొట్టి హార్న్ కింది స్వరాలని మోయలేదు. గొంతు, సన్నాయి దూరం పోతాయి గానీ డోలు దెబ్బ అక్కడే ఆగిపోతుంది. 40 హెర్ట్జ్ స్వరం అల పొడవు ఎనిమిది మీటర్లు పైమాటే. దానికి తగిన హార్న్ ఇంట్లో పట్టదు.

అమెరికాలోని ఆర్కన్సాలో పాల్ క్లిప్ష్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. హార్న్‌ని మడతలు పెట్టి పెట్టెలో ఇమిడ్చి, ఆ పెట్టెని గది మూల నిలబెట్టాడు. రెండు గోడలే హార్న్‌కి పొడిగింపయ్యాయి. 1940ల నాటి ఆ క్లిప్ష్‌హార్న్ ఒక్క వాటుకే దాదాపు 105 డెసిబెల్స్ పలుకుతుంది. నాలుగైదు వాట్లిచ్చే వాల్వు యాంప్లిఫయర్ ఉన్నా ఇల్లంతా మోగుతుంది. వాటు ఖరీదైన కాలం అది. 1953లో వచ్చి పేరు తెచ్చుకున్న క్వాడ్ టూ యాంప్లిఫయర్ ఇచ్చింది 15 వాట్లే.

మలుపు 1954లో వచ్చింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎడ్గర్ విల్చర్ స్పీకర్ బేస్ ఎందుకు బొంగురుపోతుందో పట్టుకున్నాడు. కోనుని వెనక్కి లాగే అంచు బిగువు అన్ని చోట్లా ఒకేలా ఉండదు, కాస్త ఎక్కువ కదిలితే మొండికేస్తుంది. ఆ బిగువుని దాదాపు తీసేసి, పెట్టెని గాలి చొరబడకుండా మూసేస్తే? సైకిలు పంపు మూతి వేలితో మూసి నొక్కి చూడండి. లోపలి గాలి మెత్తగా, ఒక క్రమంలో చేతిని వెనక్కి నెడుతుంది. విల్చర్ ఆ గాలినే స్ప్రింగు చేశాడు. శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి ఎకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి ఏఆర్-1 అమ్మాడు. రెండడుగుల పెట్టెలోంచి, అంతకుముందు పెద్ద క్యాబినెట్లకు కూడా సాధ్యంకాని శుభ్రమైన బేస్ వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ కళాకారుల్ని వేదిక మీద కూర్చోబెట్టి, మధ్యమధ్య వాళ్ల వాయిద్యాన్ని ఆపించి రికార్డింగ్‌ని స్పీకర్లలో వినిపించారు. ఎక్కడ మారిందో చాలామంది శ్రోతలు పట్టుకోలేకపోయారు.

దీనికో ధర చెల్లించక తప్పలేదు. ఏఆర్ పెట్టె వాట్లని విపరీతంగా తాగేది. పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు, కేఎల్‌హెచ్ కంపెనీ భాగస్వామి అయిన జె. ఆంటన్ హాఫ్‌మన్ దీన్ని సూత్రంగా చెప్పాడు: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. డెసిబెల్ లెక్క ఎంత కఠినమో చూడండి. ఒక స్పీకర్ మరోదానికన్నా 20 డెసిబెల్స్ తక్కువ పలికితే, అదే శబ్దానికి 100 రెట్ల వాట్లు కావాలి. ఆ వాట్లని చవక చేసింది ట్రాన్సిస్టర్. 1970లకల్లా ఒక్కో చానెల్‌కి 100 వాట్లిచ్చే రిసీవర్లు ఇళ్లలోకి వచ్చేశాయి. అదే కాలంలో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ చేసిన గణితం వల్ల పెట్టె కొలతలు ఊహతో కాక లెక్కతో తేలసాగాయి.

నేటి చిన్న స్పీకర్‌లో సెకనుకి లక్షల సార్లు స్విచ్ అయ్యే క్లాస్-డి యాంప్లిఫయర్, పక్కనే ఒక చిప్పు ఉంటాయి. బేస్ కోసం ఆ చిప్పు కోనుని గట్టిగా నెట్టిస్తుంది. కానీ 100 హెర్ట్జ్ నుంచి 50కి దిగితే, అదే శబ్దానికి కోను నాలుగింతలు కదలాలి. అంత చోటు దానికి లేదు. అందుకే వాల్యూమ్ పెంచేకొద్దీ చాలా చిన్న స్పీకర్లలో చిప్పు బేస్‌ని చప్పుడు కాకుండా తగ్గించేస్తుంది. మృదంగం కచేరీ పెట్టి వాల్యూమ్ పెంచుతూ వినండి, ఎడమవైపు నాదం పలచబడటం తెలుస్తుంది. హాఫ్‌మన్ సూత్రాన్ని ఏ చిప్పూ దాటలేదు. అయినా ఆ ధరకి, ఆ సైజుకి అంత పాట పలికించడం గొప్ప ఇంజనీరింగే, దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

ఇంట్లో చోటున్నవాళ్లు మంచి పాత పెట్టె దొరికితే వదులుకోవద్దంటాను. దాన్ని విప్పి బాగుచెయ్యొచ్చు. 1970ల నుంచి చాలా స్పీకర్లకి వాడిన ఫోమ్ అంచులు పదిహేను, ఇరవై ఏళ్లకి పొడిపొడిగా రాలిపోతాయి, తేమ ఎక్కువైన కోస్తా ఊళ్లలో ఇంకా ముందే. కొత్త అంచు అతికిస్తే కోను మళ్లీ పలుకుతుంది. విల్చర్ తరహా మూసిన పెట్టె అయితే కొనేముందు కోనుని వేళ్లతో నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి వస్తే గాలి లీకు లేదన్నమాట. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది, ముందు అది వెతికి మూయించండి.