మద్యరహిత ఆపిల్ సైడర్ : రుచి, గుణం, పరీక్ష

విదేశాలలో బిడ్డలున్న ఇళ్ళలో ఈ మధ్య ఒక సీసా తరచుగా కనబడుతున్నది. ఆకారం మద్యం సీసాదే. మెడకు బంగారు రంగు రేకు కూడా చుట్టి ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం మద్యం కాదు, బొగ్గుపులుసు వాయువు నింపిన ఆపిల్ రసం. దీనినే మద్యరహిత ఆపిల్ సైడర్ అంటున్నారు. ఇది త్రాగవచ్చునా, పిల్లలకు ఇవ్వవచ్చునా, చక్కెర వ్యాధి ఉన్నవారికి సైడర్ మేలు చేస్తుందట నిజమేనా అని పలువురు నన్ను అడుగుతున్నారు. చివరి ప్రశ్నలో ప్రమాదమున్నది గనుక ముందుగా దానికే సమాధానం చెబుతాను.

సైడర్ అనే పేరు మూడు వేర్వేరు ద్రవ్యాలకు చెల్లుతున్నది. ఇంగ్లండులో సైడర్ అనగా ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసిన మద్యం. అమెరికాలో అదే మాటకు సాధారణంగా పులియని రసమని అర్థం. మద్యమైన దానిని వారు హార్డ్ సైడర్ అని వేరు చేసి చెబుతారు. ఆ మద్యం మరింత పులిసి ఆమ్లంగా మారితే సైడర్ వెనిగర్ అవుతుంది. మన శాస్త్రంలో శుక్తమని చెప్పిన జాతికి ఇది చేరువైనది. వెనిగర్ భోజనానంతరం రక్తంలో చక్కెర పెరుగుదలను కొంత తగ్గించవచ్చునని కొన్ని చిన్న పరిశోధనలు సూచించిన మాట వాస్తవమే, అయితే అది మందుకు బదులు కాజాలదు. ఆ వెనిగర్‌లో పంచదార దాదాపు ఉండదు. సైడర్ రసంలోనో, ప్రతి 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది.

నావద్దకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ తేడా తెలియక, కుమార్తె తెచ్చిన సీసాలోనిది ప్రతి ఉదయం ఒక గ్లాసు చొప్పున మూడు వారాలు త్రాగారు. పథ్యం తప్పలేదు, నడక మానలేదు, కాని ఫలాహారం తరువాతి చక్కెర 170 నుండి 240కి చేరింది. మందు మోతాదు పెంచే మాట కూడా వచ్చింది. “కొత్తగా ఏమైనా పుచ్చుకుంటున్నారా, మాస్టారూ?” అని అడిగితే, “ఏమీ లేదండీ, చక్కెరకు మంచిదన్నారని సైడర్ ఒక్కటే” అన్నారు. సీసా తెప్పించి చూస్తే అది వట్టి రసం. దానిని మానిన తరువాత కొద్ది దినాలలోనే అంకెలు దిగివచ్చాయి.

ఆయన చెప్పిన ఇంకొక మాట నన్ను ఆలోచింపజేసింది. “అంత తీపిగా కూడా లేదండీ!” అన్నారాయన. 2023 శరదృతువులో కాలిఫోర్నియాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పానీయాన్ని తీరికగా పరీక్షించాను. అక్కడి వాట్సన్‌విల్ పట్టణంలో 1868లో మొదలైన మార్టినెల్లి వారి సీసాలు, మద్యం ముట్టని మన కుటుంబాల విందు బల్లల మీద నాకు ఎక్కువగా కనిపించాయి. ఫ్రిజ్ నుండి తీసిన వెంటనే ఒక గుక్క త్రాగితే మొదట వాయువు నాలుకను పొడుస్తుంది, పిమ్మట చల్లదనం, దాని వెంట చిరుపులుపు. తీపి చివరగా, అణకువగా వస్తుంది. అదే గ్లాసును అరగంట బల్లమీద ఉంచి, చెంచాతో కలిపి వాయువును పోనిచ్చి మరల రుచి చూచాను. రెండవసారి అది దాదాపు పానకమే! చల్లదనమూ, ఆమ్లమూ, వాయువూ మూడూ కలిసి తీపిని మరుగుపరుస్తాయి. ఈ రెండు గుక్కల పరీక్షను ప్రతి గృహిణీ తన వంటింట్లో చేసి చూడవచ్చు.

మధురరసం నోటినంతటినీ పూసినట్లు వ్యాపిస్తుందనీ, ఆమ్లం లాలాజలాన్ని స్రవింపజేసి పండ్లను పులకరింపజేస్తుందనీ, కషాయం నాలుకను బిగదీస్తుందనీ మన పూర్వులు వర్ణించారు. ఈ కొలతతో చూస్తే సీసాలోని పానీయానికి మధురమే ప్రధానం, ఆమ్లం తోడు, కషాయం నామమాత్రం. అక్కడే ఒక తోటలో ఆ ఋతువున పిండిన, వడకట్టని రసం కూడా త్రాగాను. మజ్జిగ తేటవలె మసకగా, తుప్పు రంగులో ఉన్నది. తొక్క వాసన, వెనుక కొంచెం వగరు ఉన్నాయి. నాకు అదే నచ్చింది. ఇంగ్లండులో సోమర్సెట్, హెరిఫర్డ్‌షైర్ ప్రాంతాలలో మద్యపు సైడర్ కోసం పెంచే ఆపిల్ జాతులు కొన్ని కొరకలేనంత వగరుగా ఉంటాయట! మనం కొనే పండ్లు తినడానికి పెంచినవి గనుక వాటి రసంలో ఆ బిగువు రాదు.

అయితే తోటలలో అమ్మే పచ్చిరసం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1996లో అమెరికాలో, వేడిచేసి శుద్ధి చేయని ఆపిల్ రసం వలన ఈ.కోలై సోకి అనేకులు జబ్బుపడ్డారు, ఒక పసిబిడ్డ మరణించింది. 1998 నుండి అటువంటి రసంపై హెచ్చరిక ముద్రించాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. గర్భిణులూ, పసివారూ, వృద్ధులూ పాశ్చరీకరించిన దానినే వాడాలి.

ఆపిల్‌ను భావప్రకాశం సేవమనే పేరుతో, పిడికెడంత రేగుపండుగా పేర్కొన్నది. రసమందూ విపాకమందూ మధురం, శీతలం, గురువు, వాతపిత్తహరం, కఫకరం అని దాని గుణాలు. ఇవి పండుకు చెప్పినవి. రసం తీసినప్పుడు పీచు చాలావరకు పిప్పితో పోతుంది. ఒక పండు తినడానికి పది నిమిషాలు పట్టి, కడుపు నిండిన తృప్తి కలుగుతుంది. రెండు మూడు పండ్ల రసం రెండు నిమిషాలలో లోపలికి పోతుంది, ఆకలి తీరదు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో చిన్న చెంచాతో అయిదు చెంచాల పంచదార ఉన్నట్లు. పండ్ల రసంలోని చక్కెరను కూడా పరిమితం చేయవలసిన చక్కెరలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తున్నది.

ఆరోగ్యవంతులు ఎప్పుడైనా విందునాడు 100 మిల్లీలీటర్లు పుచ్చుకుంటే దోషం లేదు. సమంగా నీరు కలిపి, చిటికెడు శొంఠిపొడి వేస్తే గురుత్వం తగ్గుతుంది, రుచి చెడదు. మరీ చల్లగా వద్దు. పడిసెం, దగ్గు, ఉబ్బసం ఉన్నవారు రాత్రివేళ దీనిని మానాలి. పాలతో గాని, పాయసం తిన్న వెంటనే గాని త్రాగరాదు. ఏడాది నిండని శిశువులకు ఏ పండ్ల రసమూ అవసరం లేదు. మూడేళ్ళలోపు వారికి దినానికి 120 మిల్లీలీటర్లు మించితే కొందరికి విరేచనాలు పలుచనవుతాయి. మధుమేహులకు నిత్యపానీయంగా ఇది పూర్తిగా అపథ్యం. అయితే మందు ఎక్కువై చక్కెర పడిపోయి, చెమటలు పట్టి వణుకుతున్న రోగికి స్పృహ ఉండి మ్రింగగలిగితే, అర గ్లాసు ఆపిల్ రసం తక్షణ సహాయం చేస్తుంది.

కొనేటప్పుడు సీసా వెనుక లేబులు చదవండి. ఆపిల్ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల రసమే ఉండనవసరం లేదు. నీరు, పంచదార, కొద్దిపాటి రసం కలిపి వాయువు నింపినవి మన బజారులో కొల్లలు. రసం ఎంత శాతమో, విడిగా పంచదార చేర్చారో లేదో చూడాలి. మరొక సంగతి: మద్యరహితమనే మాట కింద రెండు రకాలున్నాయి. ఒకటి అసలు పులియనిది. రెండవది పులియబెట్టి, తరువాత మద్యాన్ని తొలగించినది. ఈ రెండవదానిలో అర శాతం వరకు మద్యం మిగిలి ఉండవచ్చు. వ్రతనియమం గలవారు, మద్యం మాన్పించే మందులు వాడుతున్నవారు మొదటి రకమే ఎంచుకోవాలి. త్రాగుడు కొత్తగా మానినవారి ఎదుట ఆ ఆకారపు సీసానే పెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం.

మూత తీసిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు దినాలలో ముగించాలి. గురుకులంలో ద్రాక్షారిష్టం కట్టినప్పుడు మా గురువుగారు కుండకు చెవి ఆనించి వినమనేవారు. లోపల సన్నని చిటపట వినిపిస్తే సంధానం ఇంకా నడుస్తున్నదని గుర్తు. వాయువు నింపని ఆపిల్ రసం సీసాలో అటువంటి చప్పుడు విన్నా, మూత ఉబ్బినా, కల్లు వాసన తగిలినా, ఆ రసం మద్యరహితంగా మిగిలి లేదు, పారబోయండి.